కస్టమరే దేవుడు – ఏ గుడి దేవుడు? (17వ భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మనోడే. "అన్నా, నువ్వింకా పాత కాలంలోనే ఉన్నావు. ఇప్పుడు ఫోన్ చేతిలో ఉన్నోడే రాజు. ఎంత పెద్ద కంపెనీ అయినా సరే, ట్యాగ్ చేసి ఒక్క పోస్టు పెడితే గంటలో లైన్లోకొస్తారు. ఫ్రిజ్ పాడైతే షాపు చుట్టూ నెలల తరబడి తిరిగే రోజులు పోయాయి. కంపెనీల చేతిలో ఉన్న పవర్ కస్టమర్ చేతికి వచ్చేసింది. కస్టమర్‌కి కులమేంటన్నా?" అన్నాడు.

అతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అది చిన్న సగమేం కాదు కాబట్టి ముందు దాని గురించే మాట్లాడుకుందాం. రెండో సగం మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. ఇవాళ పోస్టు పొడుగే.

ఇదివరకు టీవీ కొన్న వారానికే చెడిపోతే షాపువాడు "కంపెనీకి రాశాం" అనేవాడు. ఆ కంపెనీ ఎక్కడుందో మనకు తెలియదు. మన గొంతు షాపు గుమ్మం దాటేది కాదు. పత్రికకు ఉత్తరం రాసినా వేసేవాళ్లు కాదు, అదే పత్రికలో అరపేజీ యాడ్ ఆ కంపెనీదే అయినప్పుడు ఎందుకు వేస్తారు? ఇప్పుడు పగిలిన డబ్బా ఫొటో పెడితే పదివేల మంది చూస్తారు. కంపెనీకి నీ టీవీ మీద బెంగ ఏమీ లేదు. చూస్తున్న ఆ పదివేల మంది అంటేనే భయం. కోట్లు పోసి కట్టుకున్న పేరు ఒక్క ఫొటోతో పోతుందని భయం. ఇది కొత్త శక్తే, కాదనను.

ఆ శక్తి మనకూ పనికొచ్చింది. 2023 జూన్ గుర్తుందా? పర్యావరణ దినోత్సవం పేరు చెప్పి జొమాటో ఒక యాడ్ వదిలింది. 'లగాన్' సినిమాలో కచ్రా అనే దళిత పాత్ర ఉంటుంది. చెయ్యి అవిటి. అతన్ని ముట్టుకోవాల్సి వస్తుందని జట్టు జట్టంతా అడ్డం తిరుగుతుంది. హిందీలో కచ్రా అంటే చెత్త. ఆ పాత్ర వేసిన నటుడినే తీసుకొచ్చి, మనిషిని దీపంగా, కాగితంగా, మొక్కలకు నీళ్లుపోసే డబ్బాగా చూపించి, ఇంత కచ్రాని రీసైకిల్ చేశామని లెక్కలు చెప్పారు. ఈ ఐడియా ఎన్ని మీటింగుల్లో, ఎంతమంది పెద్ద జీతగాళ్ల బల్లల మీదుగా వచ్చి ఉంటుందో ఆలోచించండి. ఒక్కరికీ ఎక్కడా తట్టలేదు. ఆ గదుల్లో మనవాడు ఒక్కడు ఉన్నా ఆ కాగితం అక్కడే చింపేసేవాడు.

మనవాళ్లు ఊరుకోలేదు. విద్యార్థులు, రచయితలు, సినిమా దర్శకుడు నీరజ్ ఘేవాన్, అందరూ సోషల్ మీడియాలోనే నిలదీశారు. మూడు నాలుగు రోజుల్లోనే యాడ్ తీసేశారు, నొప్పించే ఉద్దేశం లేదని చెప్పుకున్నారు. జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసు కూడా ఇచ్చింది. 2001లో ఆ సినిమా వచ్చినప్పుడు ఆ పాత్ర మీద మనకు అభ్యంతరం లేకనా? చెప్పుకోడానికి జాగా లేదు. సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది, మన మాట మన పల్లెలోనే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ల తర్వాత అదే పాత్రతో మళ్లీ ఎగతాళి చేయబోతే నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఇక్కడిదాకా తమ్ముడి మాటకు నేను అడ్డం చెప్పను.

ఇప్పుడు రెండో సగం.

కస్టమర్ అనే మాట పైకి ఎంత శుభ్రంగా ఉంటుందో చూడండి. డబ్బులిచ్చేవాడు కస్టమర్, సరుకిచ్చేవాడు వ్యాపారి, మధ్యలో ఇంకేం లేదు. మన దేశంలో ఈ లెక్క ఎప్పుడు ఇంత తేలిగ్గా ఉంది?

1901. పదేళ్ల భీమ్‌రావు ఇంట్లో పిల్లలతో కలిసి తండ్రి పనిచేసే ఊరికి బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగాడు. ఒంటిమీద మంచి బట్టలు, దగ్గర కిరాయికి సరిపడా డబ్బులు. కులం చెప్పగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. బళ్లవాళ్లు ఒక్కరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒప్పందం ఏమిటో తెలుసా? కిరాయి రెండింతలు ఇవ్వాలి, ఎడ్లను ఈ పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. ఎక్కువ డబ్బులిచ్చి తక్కువ సేవ కొనుక్కున్న కస్టమర్!

1917లో బరోడా. అమెరికాలో చదువుకొని వచ్చిన మనిషికి ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని దిగాడు. రోజువారీ అద్దె కడుతూనే ఉన్నాడు. పదకొండో రోజు డజను మంది కర్రలు పట్టుకుని వచ్చి గెంటేశారు. ఇవన్నీ బాబాసాహెబే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. 1920లో 'మూక్‌నాయక్' పెడుతున్నప్పుడు, డబ్బులిస్తాం ప్రకటన వేయండి అని అడిగితే తిలక్ గారి 'కేసరి' వేయలేదు.

ఈ మూడు చోట్లా డబ్బుంది. కస్టమర్ లేడు. డబ్బు జేబులో ఉన్నంత మాత్రాన మనం కస్టమర్లం కాలేదన్నమాట. అందుకే రాజ్యాంగం 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరు పేరునా రాసుకోవాల్సి వచ్చింది. టీ కొట్టులోకి అడుగు పెట్టే హక్కుని రాజ్యాంగంలో రాసుకున్న దేశం మనది. 1955లో దానికోసం చట్టమే చేశారు. ఇవాళ పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నాం. హోటల్లో గ్లాసు వేరుగా పెట్టడం, సరుకు అమ్మననడం, సేవ చేయననడం, అన్నీ అందులో నేరాలే. మన దేశంలో 1986లో వినియోగదారుల చట్టం వచ్చింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే మనకు మొదటి వినియోగదారుల చట్టం వచ్చిందని నేనంటాను. ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు, అంతే.

మా నాన్న తరం రెండు గ్లాసులు చూసింది. టీ తాగి, గ్లాసు తనే కడిగి, చూరులో గుచ్చి రావాలి. పైసలు మాత్రం అందరితో సమానంగానే తీసుకునేవాళ్లు, అక్కడ అంటు లేదు. ఆ గ్లాసు మీద మన సంఘాలు, కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం వాళ్లు ఊరూరా కొట్లాడారు. కొన్నిచోట్ల గ్లాసు పోయింది. కొన్నిచోట్ల మాత్రం పోరాటం కంటే ముందు ప్లాస్టిక్ కప్పు వచ్చింది. అందరికీ పారేసే కప్పే అయితే ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు కదా. కొట్టువాడు మారలేదు, కప్పు మారింది. ఆన్‌లైన్ షాపింగ్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ కప్పు గుర్తొస్తుంది.

ఆన్‌లైన్‌లో డబ్బా ఇంటికి వస్తుంది. పంపినవాడికి మన కులం తెలియదు, మనకు వాడి కులం తెలియదు. మా పల్లెలో అమ్మాయిలు చీరలు, చెప్పులు ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. ఎందుకురా, బజారుకు పోవచ్చు కదా అంటే, "షాపులో వాళ్లు చూసే చూపు మాకొద్దు బాబాయ్" అంటారు. ఆ చూపు ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. చంద్రభాన్ ప్రసాద్ లాంటి వాళ్లు మార్కెట్ కులాన్ని కొడుతుందని చాలా ఏళ్లుగా వాదిస్తున్నారు. ఉత్తరప్రదేశ్ దళితుల తిండి, బట్ట, పెళ్లి భోజనాలు ఎలా మారాయో 2010లో మరి కొందరితో కలిసి అధ్యయనం కూడా రాశారు. మన కమ్యూనిస్టు మిత్రులు ఆయన్ని వెక్కిరిస్తారు గానీ నేను వెక్కిరించను. చూపు తప్పించుకున్న ఆడపిల్ల ముఖంలో వెలుగు చూసినవాడు వెక్కిరించలేడు. కాకపోతే, చూపు తప్పించుకోవడం వేరు, ఆ చూసేవాడి కళ్లు దించడం వేరు.

కళ్లు దించే పని ఫోన్ చేస్తుందా? ఎక్కడ చేస్తుంది, ఎక్కడ చేయదు? ఈ ప్రశ్న నాకు మా ఇంట్లోనే ఎదురైంది.

మా చిన్నాన్న కూతురి పెళ్లికి మండల కేంద్రంలో ఒక కల్యాణ మండపం కోసం ఫోన్ చేశాం. తేదీ ఖాళీగా ఉందన్నారు. పేరు అడిగారు, చెప్పాం. ఊరు అడిగారు, చెప్పాం. "ఊళ్లో ఎక్కడ?" అన్నారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మిగతాది మనకు తెలిసిందే. అరగంట తర్వాత ఫోన్ చేసి, "ఆ తేదీ ముందే ఎవరో మాట్లాడుకున్నారంట, మా గుమాస్తాకి తెలియక చెప్పాడు" అన్నారు. అదే సాయంత్రం నా స్నేహితుడు, వేరే కులం, వేరే నెంబర్ నుంచి అదే తేదీ అడిగాడు. ఖాళీయే. అడ్వాన్సు పంపమన్నారు. రెండు కాల్స్ రికార్డు చేసి పెట్టాను. దాదాపు తొమ్మిది వందల షేర్లు వచ్చాయి. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి, డల్లాస్ నుంచి మిత్రులు మండిపడ్డారు.

మండపం యజమాని నాలుగు రోజులు పలకలేదు. ఐదో రోజు ఫోన్ వచ్చింది, నాకు కాదు, మా చిన్నాన్నకి. చేసింది కూడా యజమాని కాదు. చిన్నాన్న కౌలుకు చేసే మూడెకరాల ఆసామి. ఆయనకి ఆ యజమాని బావమరిది అవుతాడు. "ఏరా, మీ వాడు ఏదో రాస్తున్నాడంట ఫోన్లో. వచ్చే ఏడు కౌలు సంగతి ఆలోచించుకోవాలేమో" అన్నాడట. అంతే, ఇంకో మాట లేదు. చిన్నాన్నకి అరవై రెండేళ్లు. ఆసామికి ముప్పై ఎనిమిది. చిన్నాన్న నా దగ్గరికొచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు రాసింది అక్షరం తప్పు లేదు. మరి నా మిరప చేను?" అన్నాడు. పోస్టు తీసేశాను. పెళ్లి స్కూలు గ్రౌండులో షామియానా వేసి చేశాం. వాన పడలేదు, బతికించింది.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. ఆ తొమ్మిది వందల మందిలో ఆ మండపం బుక్ చేసుకునేవాడు ఒక్కడూ లేడు. జొమాటోకి కస్టమర్లు దేశమంతా ఉన్నారు. వాళ్లు కంపెనీకి ముక్కూముఖం తెలియని పరాయివాళ్లు. పరాయివాళ్లు ఏమనుకుంటారోననే భయం మీదే బ్రాండు బతుకుతుంది. మండపానికి కస్టమర్లు చుట్టుపక్కల పదూళ్ల వాళ్లు, యజమాని కులం వాళ్లు, వియ్యాలవారు. నా పోస్టు చూసి వాళ్లు ఆ మండపాన్ని మానేయలేదు సరికదా, ఇంకా నమ్మకంగా బుక్ చేసుకుని ఉంటారు! మనం 'వివక్ష' అని రాసింది వాళ్లకు 'మర్యాదైన చోటు' అని వినబడుతుంది. పరువు తీశామని మనం అనుకుంటాం, వాడి వాళ్లలో వాడి పరువు పెరుగుతుంది.

కిరాణా కొట్టు, ఎరువుల షాపు, ఫైనాన్సు, ప్రైవేటు స్కూలు, ఆర్‌ఎంపీ, ట్రాక్టరు, వరికోత మిషను, మన రోజువారీ బతుకంతా ఇలాంటి వ్యాపారాలతోనే. వీళ్లెవరికీ ట్విట్టర్ అకౌంట్ లేదు. ఉన్నా భయం లేదు.

ఇంకొక సంగతి అప్పు. "అప్పు రేపు" అని బోర్డు పెట్టిన కొట్టులో కూడా అప్పు నడుస్తుంది, అది మీకూ నాకూ తెలుసు. అప్పు పుస్తకంలో పేరున్నవాడు రివ్యూ రాయగలడా? మిరప కౌలు రైతునే తీసుకోండి. విత్తనం, మందు, ఎరువు అన్నీ షాపులో అప్పు మీదే. చాలాచోట్ల ఆ షాపాయనే వడ్డీవ్యాపారి, పంట కొనేదీ ఆయనే. విత్తనం మొలవలేదంటే ఎవరిని అడగాలి? 2012లో సుప్రీంకోర్టు మన ఆంధ్ర రైతుల కేసులోనే పెద్ద తీర్పు ఇచ్చింది. జాతీయ విత్తనాల సంస్థ "రైతులు వినియోగదారులు కారు" అని వాదిస్తే, కోర్టు ఆ వాదన కొట్టేసి, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని చెప్పింది. మంచి తీర్పు. ఐదు లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కానీ కమిషన్‌కి పోవాలంటే బిల్లు ఉండాలి కదా! అప్పు మీద తెచ్చుకున్నవాడికి బిల్లు ఎవడిస్తాడు? అతని పేరున భూమి లేదు, కౌలు కాగితం లేదు, విత్తనం బిల్లు లేదు. ఇలాంటివాడి దగ్గరికి ఏ 'పవర్' నడిచి వచ్చింది చెప్పండి?

సరే, పట్నంలో సంగతి చూద్దాం. ఇక్కడ తమ్ముడు చెప్పిన రాజు నిజంగానే కనబడతాడు. కాకపోతే రాజు చేతిలో కొరడా ఎవరి వీపు మీద పడుతోందో చూడాలి. కంపెనీ మీద పడేది తక్కువ. బైకు మీద సంచి తగిలించుకుని మూడో అంతస్తు ఎక్కి వచ్చే కుర్రాడి మీద పడేది ఎక్కువ. ఆ కుర్రాళ్లలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో మీ పల్లెలో లెక్కపెట్టుకోండి. డిగ్రీ, బీటెక్ చదివినవాళ్లు.

2019 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఒకాయన స్విగ్గీలో చికెన్ 65 ఆర్డర్ చేసి, కారం తక్కువ వేయమని రాశాడు. దాని కిందే, హిందూ డెలివరీ మనిషినే పంపాలని, రేటింగ్ దాన్ని బట్టే ఇస్తానని రాశాడు. తీరా ముస్లిం కుర్రాడు తెచ్చేసరికి తీసుకోలేదు. వ్యవహారం పోలీసుల దాకా పోయింది. ఆ రెండో మాట మళ్లీ చదవండి. రేటింగ్ దాన్ని బట్టే ఇస్తాడట! కంపెనీ నాణ్యత కోసం కస్టమర్ చేతికిచ్చిన నక్షత్రాలు ఉన్నాయి చూశారా, వాటిని అంటరానితనానికి తూకం రాళ్లుగా వాడుకుంటున్నాడు. 2022లో మళ్లీ అదే హైదరాబాద్‌లో, ముస్లిం డెలివరీ బాయ్ వద్దని ఇంకొక ఆర్డర్. ఆ స్క్రీన్‌షాట్‌ని గిగ్ వర్కర్ల సంఘం నాయకుడు షేక్ సలావుద్దీన్ బయటపెట్టి, కంపెనీని నిలదీశాడు. అదే ఏడాది జూన్‌లో లక్నోలో, తన కులం తెలిసి ఆర్డర్ తీసుకోలేదని, ఉమ్మేసి కొట్టారని ఒక దళిత డెలివరీ యువకుడు ఫిర్యాదు చేస్తే అట్రాసిటీ కేసు పెట్టారు.

యాప్‌లో కస్టమర్‌కి కుర్రాడి పేరు కనబడుతుంది. మసూర్ స్టేషన్లో మాస్టర్ నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. ఇప్పుడు అడగక్కర్లేదు, ఆర్డర్ పెట్టగానే స్క్రీన్ మీద పేరు వస్తుంది. రేటింగ్ తగ్గితే ఎందుకు తగ్గిందని ఆ కుర్రాడు ఎవరిని అడగాలి? కస్టమర్ గొంతెత్తితే గంటలో జవాబిచ్చే కంపెనీ, కుర్రాడు గొంతెత్తితే అతని ఐడీ ఆపేస్తుంది.

2024 మార్చిలో ఏమైంది? జొమాటో 'ప్యూర్ వెజ్' కస్టమర్ల కోసం ప్రత్యేక దళం పెడుతున్నామంది. వాళ్లకు ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ పెట్టె. మాంసం ఉన్న హోటల్ గడప కూడా తొక్కరు. కస్టమర్లే అడిగారట. నేను నమ్ముతాను, అడిగే ఉంటారు. వాళ్లు వేల ఏళ్లుగా అదే అడుగుతున్నారు! శుద్ధమైనది ఒకటి ఉందంటే, శుద్ధం కానిది ఇంకొకటి ఉందనే కదా. అది ఎర్రచొక్కా వేసుకుని మెట్లెక్కుతుంది. అప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎర్రచొక్కాని ఆపేస్తారు. ఎర్రచొక్కా ఎవరి గుమ్మం ముందు ఆగిందో చూసి, అద్దెకున్నవాడు ఏం తింటున్నాడో ఇంటి ఓనరు పట్టేస్తాడు. సోషల్ మీడియాలో గొడవ లేచింది. మర్నాటికల్లా దీపిందర్ గోయల్ వెనక్కి తగ్గాడు, అందరికీ ఎర్రచొక్కానే అన్నాడు, కొందరు కస్టమర్లకు ఇంటి ఓనర్లతో చిక్కులొస్తాయని ఒప్పుకున్నాడు కూడా. మనం గెలిచాం అని పండగ చేసుకున్నాం. కానీ దళం రద్దు కాలేదు, చొక్కా రంగు మాత్రమే మారింది. లోపల విభజన లోపలే ఉంది, బయటికి కనబడకుండా పోయింది. మళ్లీ ప్లాస్టిక్ కప్పే.

2019లో ఇదే కంపెనీని మనం నెత్తిన పెట్టుకున్నాం. జబల్‌పూర్‌లో ఒకాయన హిందువు కాని డెలివరీ బాయ్ వద్దంటే, తిండికి మతం లేదని కంపెనీ గట్టిగా జవాబిచ్చింది. ఆ రోజు ఆ మాట మంచిదే. కానీ కంపెనీకి మతమూ లేదు, మతసామరస్యమూ లేదు, లెక్క ఉంది. ఏ కస్టమర్ గొంతు పెద్దదో, ఎవరి జేబు లోతో చూసుకుంటుంది.

ఇంకో రకం కస్టమర్ శక్తి కూడా ఉంది. 2020 అక్టోబర్‌లో తనిష్క్ ఒక యాడ్ వేసింది. ముస్లిం అత్తగారింట్లో హిందూ కోడలికి సీమంతం. ఎంత చల్లని కథ! బాయ్‌కాట్ అన్నారు, రెండు మూడు రోజుల్లో తీసేశారు. 2021లో ఫ్యాబ్‌ఇండియా దీపావళి బట్టలకు ఉర్దూ పేరు పెట్టిందని మళ్లీ బాయ్‌కాట్, మళ్లీ వెనక్కి. 2019లో సర్ఫ్ ఎక్సెల్ హోలీ యాడ్ మీద కోపంతో కొందరు పోయి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ యాప్‌కి ఒక నక్షత్రం ఇచ్చారు, అది వేరే నవ్వులాట. ఇవన్నీ చూసి పెద్ద పెద్ద విశ్లేషకులు 'కొత్త ధోరణి' అని రాశారు. నాకు మాత్రం కొత్తేమీ కనబడలేదు. బహిష్కరణ అనే ఆయుధం మన ఊళ్లకు హ్యాష్‌ట్యాగ్‌తో రాలేదు. 2017లో పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు మనవాళ్లని ఊరు ఊరంతా వెలేసింది. పనికి పిలవలేదు, కౌళ్లు తీసేసుకున్నారు. అక్కడా 'కస్టమర్లు', 'వ్యాపారులు' అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. ఆ వెలి సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది మన కుర్రాళ్లు ఫోన్లలో పెట్టిన పోస్టుల వల్లే అన్నది కూడా మర్చిపోకూడదు. ఫోన్ మేలు అక్కడ ఫోన్‌కి ఇచ్చేద్దాం.

ఆ ఫోన్లో మనం రాసుకునే గోడ ఎవరిది? అదీ ఒక కంపెనీదే. దానికి మనం కస్టమర్లం కాము, ఎందుకంటే మనం పైసా ఇవ్వడం లేదు. యాడ్లు ఇచ్చేవాళ్లు కస్టమర్లు. మనం వాళ్లకు అమ్మే సరుకు. 2020 ఆగస్టులో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది గుర్తుందా? గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ ముస్లింల మీద పెట్టిన పోస్టులు తమ నియమాలకు విరుద్ధమని ఫేస్‌బుక్ సొంత ఉద్యోగులే తేల్చినా, చర్య తీసుకుంటే భారతదేశంలో వ్యాపారానికి దెబ్బని పైఅధికారి అడ్డుపడిందని ఆ కథనం. పక్షపాతం లేదని కంపెనీ అంది. కథనం వచ్చి గోల అయ్యాక, సెప్టెంబర్‌లో అతన్ని నిషేధించారు. అంతకు రెండేళ్ల ముందు, 2018 నవంబర్‌లో, దళిత హక్కుల కార్యకర్త సంఘపాలి అరుణ ఇచ్చిన పోస్టర్ పట్టుకుని ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఫొటో దిగాడు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని బద్దలుకొట్టండి అని దాని మీద ఉంది. ఎంత గోల! ఒక్క రోజులో ట్విట్టర్ క్షమాపణ చెప్పుకుంది. మన ఆడపిల్లల మీద కులం పేరుతో బూతులు రాసేవాళ్లని ఎన్నిసార్లు రిపోర్ట్ కొట్టామో, ఎన్ని రోజులు ఎదురుచూశామో మీకు తెలుసు.

కాబట్టి నేను చెప్పేది ఫోన్ పక్కన పెట్టమని కాదు. ఫోన్ ఒక్కటే ఉంటే చాలదని.

1955 డిసెంబర్ 5న అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి జనం సిటీ బస్సు ఎక్కడం మానేశారు. ఆ బస్సుల్లో తిరిగేవాళ్లలో నాలుగింట మూడు వంతులు వాళ్లే. జో ఆన్ రాబిన్సన్ అనే టీచరమ్మ రాత్రంతా మేలుకుని వేల కరపత్రాలు తీసింది. అదే ఆవిడ పోస్టు, అదే షేరు. కానీ ఆ తర్వాత 381 రోజులు నడిచారు. కార్లున్నవాళ్లు పూలింగ్ పెట్టారు, చర్చిల్లో చందాలు వేశారు, పక్కన కోర్టులో కేసు నడిపారు. మన హ్యాష్‌ట్యాగ్ ఆయుష్షు మూడు రోజులు. 2016లో ఉనాలో కూడా అంతే. కొట్టినవాళ్లే గొప్పకు తీసి పెట్టుకున్న వీడియో దేశమంతా తిరిగింది, అది మొదలు. తర్వాత మనవాళ్లు చచ్చిన పశువుల్ని తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేసి, ఇక మేం ఎత్తం అన్నారు. కొనేవాళ్లుగా మన బలం తక్కువ. ఆ రోజు వాళ్లు చూపించింది చేసేవాళ్లుగా ఉన్న బలం. డెలివరీ కుర్రాళ్ల సంఘాల మీద నాకు ఆశ ఉన్నది అందుకే. రాజస్థాన్ 2023లో గిగ్ వర్కర్ల చట్టం చేసింది, తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బయటపెట్టింది. అవి ఊరికే రాలేదు, ఆ పిల్లలు రోడ్డెక్కితే వచ్చాయి. ఒక్కటే అడగండి: కస్టమర్ రేటింగ్ చూసి ఐడీ ఆపేసే ముందు, ఆ రేటింగ్ వెనక కులం, మతం ఉన్నాయేమో విచారించే దిక్కు ఆ చట్టాల్లో ఉండాలని.

ఇక కల్యాణ మండపం లాంటివి ఎదురైతే, ముందు పోస్టు పెట్టకండి. ముందు రెండు కాల్స్ రికార్డు చేయండి, తేదీ, టైము రాసుకోండి. తర్వాత 1955 చట్టం కింద, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు రాసి స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమైంది, కాబట్టి కౌలు తీసేస్తామని బెదిరించిన ఫోన్ కూడా రికార్డు చేయండి. ఒక్కరు సంతకం పెట్టకండి, పల్లెలో ఇరవై మంది పెట్టండి. ఇరవై మంది కౌళ్లు ఒకేసారి తీసేస్తే వాడి పొలం ఎవడు చేస్తాడు? ఇవన్నీ అయ్యాక, చేతిలో రసీదు ఉన్నప్పుడు, పోస్టు పెట్టండి. అప్పుడు నాకు కూడా పంపండి, నేనూ షేర్ చేస్తాను.

మా చిన్నాన్న రెండో కూతురికి సంబంధాలు చూస్తున్నారు. మండల కేంద్రంలో మండపం ఇప్పటికీ అదొక్కటే.

వచ్చే భాగంలో పట్నాల్లో అద్దె ఇళ్ల గురించి రాస్తాను. "మీరు నాన్‌వెజ్ తింటారా?" అని అడిగిన ఓనర్ల సంగతులు మీ దగ్గర చాలా ఉంటాయి. ఊరి పేరు, మీ పేరు లేకుండా పంపండి.

జై భీమ్.